పియోరియాలో పంచాంగ శ్రవణం

పోయిన ఏడాది, 2025 మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ మా బావా అరిజోనాలోని పియోరియా బేస్‌బాల్ స్టేడియంలో, ఔట్‌ఫీల్డ్ వెనక గడ్డి గట్టు మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. ఎండ నెత్తిన చురుక్కుమంటోంది. కింద జరుగుతున్న మ్యాచ్‌ను ఇద్దరం సరిగ్గా చూడడం లేదు. రాబోయే సీజన్‌కు జాతకాలు రాస్తున్నాం. చివరికి ఫోనులో రెండు అంకెలు రాసుకున్నాం. మావాళ్లు, అంటే సియాటిల్ మారినర్స్, 162 మ్యాచ్‌లలో 83 గెలుస్తారు. బావవాళ్లు, అంటే అరిజోనా డైమండ్‌బ్యాక్స్, 92 గెలుస్తారు.

పప్పులో ఉప్పు దగ్గర నుంచి ఇళ్ల ధరల దాకా దేనిమీదా కలవని మేమిద్దరం ఆ అంకెల విషయంలో మాత్రం ఒకే మాట మీద నిలబడ్డాం. సెప్టెంబరు ఆఖరుకు మావాళ్లు 90 గెలిచారు. బావవాళ్లు 80 దగ్గర ఆగిపోయారు.

జోస్యం తప్పినందుకు నాకు చింత లేదు. జోస్యాలన్నాక తప్పుతాయి. తప్పిన తీరు చూస్తేనే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే మేం ఏటా ఒకే తీరులో తప్పుతున్నాం. ఇప్పుడు మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. బంతి విసిరే పిచర్లూ, దాన్ని వెనక కూర్చుని పట్టే క్యాచర్లూ శిబిరాలకు చేరారు. మాలాంటి అభిమానులు లక్షల మంది పాత తప్పునే కొత్త పేర్లతో మొదలుపెట్టేశారు.

ఉగాది నాడు మా తాతయ్య గుడిలో పంచాంగ శ్రవణం విని ఇంటికొచ్చి, మా అందరి రాశులకూ ఆదాయం ఎంతో అంకెలతో సహా అప్పజెప్పేవాడు. "మరి వ్యయం?" అని నాయనమ్మ అడిగితే "అది మనకు తెలిసిందే కదా" అని పంచె సర్దుకుంటూ లోపలికి పోయేవాడు. బేస్‌బాల్ అభిమాని అచ్చంగా మా తాతయ్యే. మాది అత్యాశ అని బయటివాళ్లు అంటారు కానీ, మా రోగం అది కాదు. ఆదాయం పేరుపేరునా చదివి, వ్యయం ఉన్న పేజీ తిప్పేస్తాం. నాకు ఈ సంగతి తలకెక్కడానికి పదహారేళ్లు పట్టింది.

ఈ ఆటతో పరిచయం లేనివారికి రెండు ముక్కలు. అమెరికాలో మేజర్ లీగ్ జట్లు 30. ఫిబ్రవరి మధ్యలో అవన్నీ చలిని వదిలి ఎండ వెతుక్కుంటూ వెళ్తాయి. సగం ఫ్లోరిడాకు, సగం అరిజోనాకు. అరిజోనాకు వచ్చే 15 జట్లూ ఫీనిక్స్ చుట్టుపక్కల 10 మైదానాల్లో సర్దుకుంటాయి. పియోరియాలో 1994 నుంచి మారినర్స్, శాన్ డియేగో పాడ్రేస్ ఒకే ప్రాంగణంలో ఉమ్మడి కాపురం. నెలకు పైగా సాధన, మధ్యలో రోజుకొక లెక్కలోకి రాని మ్యాచ్. ఇదే స్ప్రింగ్ ట్రైనింగ్. మార్చి ఆఖరుకు ఒక్కో జట్టు 26 మందిని ఖాయం చేసుకుని అసలు సీజన్‌లోకి దిగుతుంది. బావ ఇల్లు చాండ్లర్‌లో. అక్కడి నుంచి పియోరియాకు కారులో ముప్పావు గంట. చాండ్లర్‌లో మనవాళ్లకు కొదవ లేదు కానీ, ఆటల వేళ వాళ్లను క్రికెట్ మైదానాల్లో వెతకాలి. ఇటువైపు తప్పిపోయి వచ్చింది మేమిద్దరమే అనుకుంటాను.

ఈ మ్యాచ్‌ల ఫలితాలకు విలువ లేదని అందరూ అంటారు. ఎందుకు లేదో గట్టు మీద కూర్చుని చూస్తే అర్థమవుతుంది. పెద్ద ఆటగాళ్లు మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో నాలుగైదు ఆడి, స్నానం చేసి, ఇంకా ఆట సాగుతుండగానే కారెక్కి వెళ్లిపోతారు. ఆరో ఇన్నింగ్స్ నుంచి వీపుల మీద 70లు, 80లు, 90లలో అంకెలు కనబడతాయి. అంత పెద్ద అంకె ఉన్నదంటే వాడు కింది లీగ్ నుంచి ఆ పూటకు అరువు తెచ్చుకున్న కుర్రవాడని అర్థం. అనుభవజ్ఞుడైన పిచర్ ఒకడు చలికాలమంతా కూర్చుని కొత్త బంతి నేర్చుకుని ఉంటాడు. రెండు ఇన్నింగ్స్ పాటు అదే విసురుతాడు. బ్యాటర్లు చితక్కొడతారు. వాడు నవ్వుకుంటూ వెళ్లిపోతాడు, ఎందుకంటే వాడికి కావలసింది ఆ బంతి చేతిలో ఎలా తిరుగుతున్నదన్న కబురే. పైగా అరిజోనా పొడిగాలిలో బంతి దూరం పోతుంది, వంకర తిరగాల్సినంత తిరగదు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక స్కోరు సమమైతే చేతులు దులుపుకుని ఇంటికి పోతారు. అసలు సీజన్‌లో సమానం అనే మాటే లేదు.

ఆ ఆదివారం ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక 80ల అంకె కుర్రవాడు మా తలల మీదుగా, మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టాడు. కొట్టించుకున్న పిచర్ వీపు మీద 90ల అంకె. మా వెనక కూర్చున్న పెద్దమనిషి లేచి నిలబడి, వచ్చే ఏడాది వీడే మన మూడో బేస్ మనిషి అని ప్రకటించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మనవాళ్లు ఈ సామెతను స్ప్రింగ్ ట్రైనింగ్ చూసే పుట్టించారేమో అనిపిస్తుంది.

ఇక వార్తలు. ప్రతి ఫిబ్రవరిలో ప్రతి జట్టు శిబిరం నుంచీ ఒకే వార్త వస్తుంది: ఫలానా ఆటగాడు జీవితంలో ఎన్నడూ లేనంత దృఢంగా తయారై వచ్చాడు. పోయిన ఏడు పదిహేను పౌండ్లు తగ్గి వచ్చినవాడు ఈ ఏడు పదిహేను పౌండ్లు కండ పెంచి వస్తాడు. రెండూ శుభవార్తలే. వీటిని నమ్మకూడదని తెలిసీ నమ్మడం వేరే సరదా, దాని జోలికి నేను పోను.

నేను సియాటిల్ వచ్చింది 2009 అక్టోబరులో. రెడ్‌మండ్‌లో ఉద్యోగం. 2010 మార్చిలో పక్క సీటాయన, అక్కడే పుట్టి పెరిగినవాడు, కాఫీ చేతికిచ్చి బేస్‌బాల్‌కు నాకు అక్షరాభ్యాసం చేశాడు. మొదలుపెట్టింది 2001తో. అప్పటికి మూడేళ్లలో ముగ్గురు దిగ్గజాలు జట్టును వదిలిపోయారు. 1998లో రాండీ జాన్సన్, 2000లో కెన్ గ్రిఫీ జూనియర్, ఆ వెంటనే వచ్చిన చలికాలంలో 25.2 కోట్ల డాలర్లకు టెక్సస్ వెళ్లిపోయిన అలెక్స్ రోడ్రిగెజ్. వాళ్ల స్థానంలో వచ్చినవాడు జపాన్ నుంచి ఇచిరో సుజుకి. బక్కపలచని మనిషి. స్ప్రింగ్ ట్రైనింగ్‌లో బంతులన్నీ ఎడమవైపుకే మెల్లగా నెడుతుంటే, ఇతనికి గట్టిగా కొట్టడం వచ్చా అని మేనేజర్ లూ పినెల్లా బెంగపెట్టుకున్నాడని చెప్పుకుంటారు. ఆ ఏడాది జట్టు 116 గెలిచింది. 1906లో చికాగో కబ్స్ నెలకొల్పిన రికార్డుతో సమానం. ఇచిరో 242 హిట్లు కొట్టి, ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతినీ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతినీ ఒకే ఏడాది పట్టుకెళ్లాడు.

ఈ కథంతా చెప్పి ఆయన అసలు విషయానికొచ్చాడు. "ఈ ఏడాది మళ్లీ అలాంటిదే." ముందటి ఏడు 85 గెలిచాం. దాని మీద ఇప్పుడు క్లిఫ్ లీ వచ్చాడు, అప్పటికి ఆటలోని అయిదారుగురు మేటి పిచర్లలో ఒకడు. చోన్ ఫిగ్గిన్స్ వచ్చాడు. మిల్టన్ బ్రాడ్లీ వచ్చాడు. ఫెలిక్స్ హెర్నాండెజ్ ఎలాగూ ఉన్నాడు. ఆయన కాగితం మీద కూడికలు వేసి 95 అని గీత గీశాడు. కొత్తగా వచ్చినవాణ్ని, నాకేం తెలుసు? నేను టోపీ కొనుక్కున్నాను.

మావాళ్లు 61 గెలిచి 101 ఓడారు. ఏడాది మొత్తానికి చేసిన పరుగులు 513. మేజర్ లీగ్‌లో సగభాగమైన అమెరికన్ లీగ్‌లో, అంటే మావాళ్లు ఆడే లీగ్‌లో, 1973 నుంచి పిచర్ బదులు వేరొక బ్యాటర్ ఆడే పద్ధతి ఉంది. అప్పటి నుంచి పూర్తి సీజన్ ఆడి అంత తక్కువ పరుగులు చేసిన జట్టు ఆ లీగ్‌లో అంతవరకు లేదు. క్లిఫ్ లీ స్ప్రింగ్ ట్రైనింగ్‌లోనే పొత్తికడుపు కండరం పట్టేసి ఏప్రిల్ ఆఖరు దాకా ఆడలేదు. జులైలో అతణ్ని టెక్సస్‌కు పంపేశారు. ఫెలిక్స్ మాత్రం తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 2.27 పరుగులే ఇచ్చి లీగ్‌లో ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు గెలుచుకున్నాడు. అలాంటివాడి ఖాతాలో ఆ ఏడు 13 గెలుపులు, 12 ఓటములు. తనవాళ్లు పరుగులు చేయకపోతే ఏ పిచరైనా ఏం చేస్తాడు? అది మన లెక్కలో వికృతి నామ సంవత్సరమని మా అమ్మ ఫోనులో గుర్తుచేసింది.

పక్క సీటాయన చదవకుండా తిప్పేసిన పేజీ ఒకటుంది. 2009లో 85 గెలిచిన ఆ జట్టు చేసిన పరుగులు 640, ఇచ్చుకున్నవి 692. అంటే 52 పరుగుల లోటులో ఉండి కూడా ఓడినదానికంటే ఎక్కువ గెలిచింది. ఒక్క పరుగు తేడాతో గెలిచినవి ఎక్కువ, పది పరుగులతో చిత్తయినవీ ఉన్నాయి. ఇంటి ఖర్చు రాబడికి మించి ఉండగా బ్యాంకులో డబ్బు కనబడుతున్నదంటే అప్పెక్కడో ఉంది. ఆ అప్పు 2010లో తీర్చుకున్నాం.

ఇదీ సూత్రం అని నేను మురిసిపోయాను. అభిమాని జీవితంలో మరీ ప్రమాదకరమైన దశ ఇదే, ఒక్క సూత్రం తెలిసిన దశ. పదకొండేళ్లు దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను. 2021లో మావాళ్లు 90 గెలిచారు. చేసినవి 697, ఇచ్చినవి 748. లోటు 51. ఒక్క పరుగు తేడాతో 2009 మళ్లీ వచ్చినట్టే! 2022 మార్చిలో, యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 99 రోజుల ప్రతిష్టంభన తీరి శిబిరాలు ఆలస్యంగా మొదలైన ఆ వసంతంలో, బావతో పందెం కట్టాను. మావాళ్లు 75 దాటితే చాండ్లర్‌లో బావ చెప్పిన హోటల్లో ఇంటిల్లిపాదికీ భోజనం నాది.

మళ్లీ 90 గెలిచారు. సెప్టెంబరు 30 రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఇద్దరు ఔటయ్యాక, బెంచీ మీద నుంచి వచ్చిన కాల్ రాలీ హోమ్ రన్ కొట్టి 21 ఏళ్ల తరువాత జట్టును ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ తరువాతి నాకౌట్ పోటీలకు, చేర్చాడు. నేను టీవీ ముందు ఏడ్చాను. ఆ వారంలోనే బిల్లు కట్టాను. అది శుభకృత్ నామ సంవత్సరం, కానీ నా జేబుకు కాదు.

ఇక్కడే నా వాదనకు ప్రాణం ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. రెండుసార్లూ లోటు ఒకటే. 52, 51. ఫలితాల మధ్య మాత్రం 29 గెలుపుల అగాధం. ఒక లోటు అప్పుగా మారి ఇంటిని ముంచింది, ఇంకొక లోటు మర్నాటికి పూడిపోయింది. తేడా ఎక్కడుంది? 2010 మార్చిలో మేం లెక్కపెట్టిన పేర్లు నాలుగు. ఆ నలుగురిలో ఒకడు పడిపోతే వాడి వెనక ఎవరున్నారని మేం అడగలేదు. నిజానికి ఎవరూ లేరు. 2022లో రాబీ రే లాంటి కొనుక్కున్న పేరు ఉన్నమాట నిజమే. కానీ ఆ ఏడాదిని మోసింది పెరట్లో పెరిగిన మొక్కలు. 21 ఏళ్ల హూలియో రోడ్రిగెజ్ శిబిరం నుంచి నేరుగా జట్టులోకి వచ్చి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. మే నెలలో కింది లీగ్ నుంచి జార్జి కర్బీ వచ్చి పిచింగ్ వరుసలో నిలదొక్కుకున్నాడు. జులైలో పిచర్ లూయిస్ కాస్టియోను తెచ్చుకోగలిగారంటే, మారకానికి ఇవ్వడానికి పెరట్లో ఇంకా కుర్రవాళ్లు మిగిలి ఉన్నారు కనుకనే. మార్చిలో ముందు వరుస బలం చూసి అంచనా కట్టినవాళ్లం రెండుసార్లూ మోసపోయాం. చూడవలసింది వెనక వరుస.

మరీ కచ్చితంగా చెప్పమంటే, ఏడో పిచర్.

బేస్‌బాల్‌లో మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు అయిదుగురు ఉంటారు. వంతులవారీగా వస్తారు. మార్చిలో అభిమానులందరూ ఆ అయిదు పేర్లే వల్లెవేస్తారు. ఆ అయిదుగురూ మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఒక్క వంతూ తప్పకుండా విసిరితే అది వార్త. మనిషి మోచెయ్యి గంటకు 95 మైళ్ల వేగంతో బంతి విసరడానికి పుట్టలేదు. లోపలి వైపు లిగమెంట్ తెగుతుంది. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు టామీ జాన్ అనే పిచర్‌కు వేరొకచోటి స్నాయువు తెచ్చి అక్కడ అతికించాడు. అప్పటి నుంచి ఆ ఆపరేషన్‌కు ఆ రోగి పేరే స్థిరపడిపోయింది. అది చేయించుకున్నవాడు తిరిగి మైదానంలోకి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. ప్రతి వసంతంలోనూ కొందరు ఆ వరుసలో నిలబడతారు. మోచెయ్యే కానక్కరలేదు. 2023 మార్చిలో ఎడ్విన్ డియాస్ అనే పిచర్ అంతర్జాతీయ పోటీలో తన ప్యూర్టో రికో జట్టు గెలిచిన సంబరంలో గెంతి మోకాలు పాడుచేసుకుని ఆ సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. గెంతినందుకు! వ్యయం ఏ దారిన వస్తుందో తెలియదు, వస్తుందని మాత్రం తెలుసు. అందుకే ఆరోవాడూ ఏడోవాడూ ఎవరన్నదే మార్చిలో అడగదగ్గ ప్రశ్న.

ఒక్క పిచర్ వల్ల ఏమవుతుందని బావ అడుగుతాడు. దానికి జవాబు అదృష్టం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. బొమ్మా బొరుసూ సమానంగా పడే నాణేన్ని 162 సార్లు ఎగరేస్తే సగటున 81 బొమ్మలు పడాలి. కానీ ఇటు ఆరూ అటు ఆరూ ఊగడం మామూలే. అంటే సరిగ్గా మధ్యస్థంగా ఉన్న జట్టు కూడా ఏ గొప్పా ఏ తప్పూ లేకుండానే ఒక ఏడు 75, ఒక ఏడు 87 గెలవగలదు. కంప్యూటర్ అంచనాలు సగం జట్లకు 80 చుట్టుపక్కలే అంకెలు ఇస్తాయని మనం తిడతాం కానీ, వాటికి ఈ ఊగిసలాట తెలుసు. ఇప్పుడు మావాళ్లు ప్లేఆఫ్స్‌ను ఎంతలో పోగొట్టుకున్నారో చూడండి. 2021లో రెండు గెలుపులు తక్కువ. 2023లో ఒకటి. 2024లో ఒకటి. మూడేళ్లకూ కలిపి నాలుగు. ఆరు గెలుపుల గాలి వీచే చోట ఒక్క గెలుపు దూరంలో మా బతుకులు తెల్లారాయి. గాలిని ఆపలేం. చేతకాని ఏడో పిచర్‌కు పది పదిహేను మ్యాచ్‌లు అప్పజెప్పి రెండు మూడు గెలుపులు నష్టపోకుండా మాత్రం ఆపగలం.

ఈ లెక్క తెలిసే కాబోలు, 2023 అక్టోబరులో మారినర్స్ ఆట వ్యవహారాల పెద్ద జెర్రీ డిపోటో పదేళ్ల పాటు 54 శాతం మ్యాచ్‌లు గెలవడమే గురి అన్నట్టు మాట్లాడాడు. ఊరంతా భగ్గుమంది. ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ ముఖం చూడని ఊళ్లో శాతాలు చెప్పడమేమిటని నేనూ తిట్టాను. మొన్న తీరిగ్గా కూర్చుని 2021 నుంచి 2025 దాకా కూడాను. 90, 90, 88, 85, 90. మొత్తం 810 మ్యాచ్‌లలో 443 గెలుపులు. 54.7 శాతం. ఆయన మాట తీరు ఇప్పటికీ నాకు నచ్చదు. లెక్కతో పోట్లాడే ఓపిక మాత్రం నాకు లేదు.

నా సూత్రానికి ఎదురుదెబ్బ 2024 అని ఒప్పుకోవాలి. ఆ ఏడు మా పిచర్లు దాదాపు అందరూ నిలబడ్డారు. ఏడోవాడి అవసరం పెద్దగా పడలేదు. జూన్ మధ్యలో మా విభాగంలోని మిగతా జట్ల మీద 10 మ్యాచ్‌ల ఆధిక్యం. నెల తిరిగేసరికి అది హారతి కర్పూరం. బ్యాటర్లు కొట్టలేదు, జులైలో హూలియో చీలమండా జేపీ క్రాఫర్డ్ చెయ్యీ ఒకేసారి దెబ్బతిన్నాయి, వాళ్ల బదులు దిగినవాళ్లు తేలిపోయారు. కాబట్టి ఏడో పిచర్‌తో పాటు పదకొండో బ్యాటర్‌ను కూడా అడగాలన్నమాట. సూత్రం కొంచెం లావెక్కింది, అంతే.

ఇప్పుడు పియోరియా గడ్డి గట్టుకు తిరిగి వస్తాను. బావ వాదన బలంగానే ఉంది. 2024లో ఆయన జట్టు 886 పరుగులు చేసింది, 30 జట్లలోనూ అత్యధికం. అయినా 89 గెలుపుల దగ్గర మరో రెండు జట్లతో సమానమై, ముడి విప్పే నిబంధనలో ఓడి ప్లేఆఫ్స్‌కు దూరమైంది. అలాంటి జట్టుకు పిచర్ కార్బిన్ బర్న్స్ తోడయ్యాడు. ఆరేళ్లకు 21 కోట్ల డాలర్లు, ఆ జట్టు చరిత్రలో అంత పెద్ద ఒప్పందం లేదు. క్లీవ్‌లాండ్ నుంచి బ్యాటర్ జాష్ నేలర్ వచ్చాడు. "ఇక మీరు మాట్లాడండి" అన్నాడు బావ. నాకు మాట్లాడడానికేముంది? కర్బీ భుజం నొప్పితో పక్కన కూర్చున్నాడని ఆ నెలలోనే కబురు వచ్చింది. చలికాలంలో మావాళ్లు చేసిన పెద్ద పని, ముందటి ఏడు 0.213 బ్యాటింగ్ సగటుతో విసిగించి, మోకాలి ఆపరేషన్ చేయించుకున్న హోర్హే పోలాంకోను మళ్లీ తెచ్చుకోవడం. నేను తల దించుకుని 83 రాశాను.

సీజన్ మొదలై పట్టుమని రెండు వారాలు కాకముందే మా ఔట్‌ఫీల్డర్ విక్టర్ రోబ్లెస్ శాన్ ఫ్రాన్సిస్కోలో బంతి పట్టబోయి వల మీద పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. బంతి మాత్రం వదల్లేదు. లోగన్ గిల్బర్ట్ ముంజేతి కండరం, బ్రైస్ మిల్లర్ మోచెయ్యి వరుసగా మొరాయించాయి. కర్బీతో కలిపి, మ్యాచ్ మొదలుపెట్టే అయిదుగురు పిచర్లలో ముగ్గురు. 2010 అయితే అక్కడే కథ ముగిసేది. ఎమర్సన్ హాన్‌కాక్, లోగన్ ఎవాన్స్ అనే ఇద్దరు, మార్చిలో మేం పేరు కూడా ఎత్తనివాళ్లు, వచ్చి వంతులు మోశారు. గొప్పగా విసిరారని అనను. ఇల్లు కూలకుండా గుంజలు పట్టుకున్నారు.

బావవాళ్ల సంగతి మరీ చిత్రం. జూన్‌లో బర్న్స్‌కు టామీ జాన్ ఆపరేషన్. ఆ ఖాళీని రైన్ నెల్సన్ బాగానే పూడ్చాడు, అంటే అక్కడ వెనక వరుసలో మనిషి ఉన్నాడు. కానీ ఆఖరి ఇన్నింగ్స్‌లు కాపాడవలసిన ఏజే పక్, జస్టిన్ మార్టినెస్ ఇద్దరి మోచేతులూ అదే వేసవిలో పోయాయి. అక్కడ మనిషి లేడు. గెలవాల్సిన మ్యాచ్‌లు ఎనిమిదిలో, తొమ్మిదిలో జారిపోయాయి. జులై ఆఖరుకు జట్టు సామాను అమ్మకానికి పెట్టింది. నేలర్‌నూ, అప్పటికే 36 హోమ్ రన్లు కొట్టిన ఎవుహేనియో సువారెజ్‌నూ కొన్నది ఎవరనుకున్నారు? మావాళ్లే. ఆ రాత్రి బావ ఫోను చేసి, "మా ఇంటి మంచాలూ కుర్చీలూ మీ హాల్లో కనబడుతున్నాయి, బావగారూ" అన్నాడు. కోపమొస్తేనే నన్ను గారూ అంటాడు.

దీనికి బావ దగ్గర గట్టి ఎదురువాదన ఉంది. "మీరు 90 గెలిచింది ఏడో పిచర్ వల్ల కాదు. కాల్ రాలీ వల్ల." నిజమే. శిబిరం ముగిసే రోజుల్లో ఆరేళ్లకు 10.5 కోట్ల డాలర్లకు సంతకం చేసిన ఆ క్యాచర్, ముందటి ఏడు 34 హోమ్ రన్లు కొట్టినవాడు, ఆ ఏడు 60 కొట్టాడు. క్యాచర్లలో అంతకుముందు రికార్డు 48. రెండు చేతులా ఆడే బ్యాటర్లలో 1961 నుంచి చెక్కుచెదరని మిక్కీ మాంటిల్ 54ను కూడా దాటేశాడు. మోకాళ్ల మీద కూర్చుని రోజూ వందకు పైగా బంతులు పట్టేవాడు 60 కొడతాడని ఏ పంచాంగం చెప్పింది? ఏ వెనక వరుస లెక్క చెప్పింది?

ఏదీ చెప్పలేదు. అద్భుతాలను మార్చిలో చూడలేం, అది ఒప్పుకుంటాను. కానీ అద్భుతం ఎక్కడ పండింది, ఎక్కడ ఎండింది అన్నది చూడాలి. సువారెజ్ ఆ ఏడు మొత్తం 49 కొట్టాడు. అందులో 36 బావవాళ్ల చొక్కాలోనే. అది అద్భుతం కాదా? ఆ అద్భుతాన్ని మోసే జట్టు కింద లేక జులైలో దాన్ని అమ్ముకోవలసి వచ్చింది. 2010లో ఫెలిక్స్ విసిరింది అద్భుతం కాదా? అది 101 ఓటముల కింద నలిగిపోయింది. రాలీ 60 కొట్టిన జట్టులో హాన్‌కాక్, ఎవాన్స్‌ల వంతులు ఎవరో చేతకానివాళ్లు విసిరి ఉంటే, జులై ఆఖరున నేలర్‌ను కొనే ధైర్యం మావాళ్లకు ఉండేది కాదని నా నమ్మకం. బావ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటాడని నేనూ అనుకోలేదు.

అక్టోబరు గురించి ఎక్కువ రాయలేను. ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్ మీద సిరీస్ తేల్చే అయిదో మ్యాచ్ 15 ఇన్నింగ్స్ సాగింది. గెలిపించిన హిట్ ఎవరిది? మార్చిలో నేను వెక్కిరించిన పోలాంకోది. తరువాత టొరాంటోతో ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్, 3-1 ఆధిక్యం, వరల్డ్ సిరీస్‌కు ఇంకా ఎనిమిది ఔట్లు. 30 జట్లలో అక్కడికి ఒక్కసారీ వెళ్లనిది మాదొక్కటే. సెప్టెంబరులో ఛాతీ కండరం నొప్పితో తప్పుకుని, అప్పుడే కోలుకుని వచ్చిన మా పిచర్ బ్రయన్ వూ ఇద్దరిని బేసుల మీద వదిలి వెళ్లాడు. అతని బదులు ఎడ్వార్డ్ బసార్డో వచ్చాడు. టొరాంటో బ్యాటర్ జార్జి స్ప్రింగర్ హోమ్ రన్ కొట్టాడు. 4-3. ఆ క్షణాన ఆఖరి అంకపు పిచర్ ఆంద్రెస్ మూన్యోజ్‌ను ఎందుకు దించలేదన్న ప్రశ్న సియాటిల్‌లో ఇంకో ఇరవై ఏళ్లు నలుగుతుంది. నేను మాత్రం ఆ రాత్రి టీవీ కట్టేసి గిన్నెలు తోముకున్నాను.

ఇన్ని లెక్కలెందుకు, వసంతంలో ఆశపడడమే కదా ఆనందం అనే మిత్రులున్నారు. ఆశపడవద్దని నేననడం లేదు. అందరూ ఆశపడే చోట కాక పక్కకు జరిగి ఆశపడమంటున్నాను. నాలుగు కోట్లు పలికే పేరు మీద ఆశ పెట్టుకుంటే అది తీరినా మామూలే, తీరకపోతే దుఃఖమే. వీపు మీద 80ల అంకె ఉన్నవాడు ఏప్రిల్‌లో నిజంగానే పిలుపు అందుకుని వచ్చి ఆరు ఇన్నింగ్స్ విసిరితే, ఆ కడుపు నిండడం వేరు. ఆ ఆదివారం మా వెనక అరిచిన పెద్దమనిషిని నేను వెక్కిరించాను కానీ, కనీసం ఆయన వెనక వరుస వైపు చూస్తున్నాడు.

ఈసారి నేలర్ అయిదేళ్ల ఒప్పందంతో మాతోనే ఉండిపోయాడు. పోలాంకో న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లిపోయాడు. నాకు తెలియకుండానే బాధేసింది. బర్న్స్ మోచెయ్యి మానడానికి ఇంకా సమయం ఉంది కాబట్టి బావ ఈ ఏడు నోరు కాస్త అదుపులో పెట్టుకున్నాడు. ఉగాది మార్చి 19న, శిబిరాల ఆఖరు రోజుల్లో పడింది. వచ్చేది పరాభవ నామ సంవత్సరమని మొన్న ఫోనులో బావే గుర్తుచేశాడు. ఎవరికి పరాభవమో పియోరియాలో తేల్చుకుందామన్నాడు. అక్కయ్య పొద్దున్నే పచ్చడి చేసి డబ్బాలో పెట్టి ఇస్తుందట.

ఫోనులో కొత్త కాగితం తెరిచి పెట్టుకున్నాను. ఈసారి గెలుపుల అంకె వేయలేదు. రెండు జట్లకూ ఆరోవాడి పేరు, ఏడోవాడి పేరు, దాని కింద పదకొండో బ్యాటర్ పేరు రాశాను. బావవాళ్ల ఏడో గడి ఇంకా ఖాళీగా ఉంది. ఆయనకే తెలియదట, అడిగితే చిరాకు పడ్డాడు. దుప్పటి మాత్రం ఈసారి నేనే తెస్తున్నాను. పోయినసారి బావ తెచ్చినదాని మీద కూర్చుంటే ఇద్దరికీ వీపుల నిండా గడ్డి దురద.